బస్తా మీది ముఖం

సూర్యాపేటలో ఆ కోర్సు పెట్టక ముందు, ఒకరిని చూసి ఓర్వలేకపోవడం అంటే ఏమిటో కౌసల్యకు తెలియదు. తెలియాల్సిన అవసరం రాలేదు. గరిడేపల్లిలో వాళ్లది పెద్ద వ్యవసాయం. ఎనభైల్లో, ఆమె హైస్కూలుకు వెళ్లే రోజుల్లో, ఊళ్లో ఎవరింట పెళ్లయినా గోడకు కలశం బొమ్మ వేసి పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లు రాయడానికి ఆమెనే పిలుచుకుపోయేవారు. సైన్సు రికార్డుల్లో కప్ప బొమ్మ, మందారపువ్వు నిలువుకోత తరగతిలో సగంమందికి ఆమే గీసిపెట్టేది. హుజూర్‌నగర్‌లో ఇంటర్, సూర్యాపేటలో డిగ్రీ అయ్యేదాకా బొమ్మ అంటే కౌసల్యే. పక్కన ఇంకొకరు లేనప్పుడు అసూయ ఎవరి మీద పుడుతుంది?

1993లో సూర్యాపేటలోని ఒక ప్రైవేటు కాలేజీ, డిగ్రీ పూర్తయినవాళ్ల కోసం రెండేళ్ల పీజీ డిప్లొమా మొదలుపెట్టింది. సృజనాత్మక డిజైన్, సొంత వ్యాపారం అని దాని పేరు. కొత్త వస్తువును ఎలా ఊహించాలి, ఎలా తయారుచేయాలి, తయారుచేసిన దాన్ని నిలబడి ఎలా అమ్మాలి అన్నీ నేర్పుతామన్నారు. కౌసల్య మేనత్త ఆండాళు ఇల్లు ఆ కాలేజీకి దగ్గర్లోనే ఉండేది. కౌసల్య పెట్టె సర్దుకొని అక్కడికి చేరింది. మేనకోడలు ఏం చదువుతోందో ఆండాళుకు ఎన్నిసార్లు చెప్పినా మింగుడు పడలేదు.

“బొమ్మలేసుడు గూడ పెద్ద సదువేనా? ఇగ రేపటికెల్లి ఆకిట్ల ముగ్గేసేటోళ్లకు గూడ సర్టిఫికెట్లు పంచుతరు సూడు” అని ఇంటికొచ్చిన వాళ్లందరి ముందూ అనేది.

తండ్రి వెంకటేశ్వర్లు మాత్రం అడ్డు చెప్పలేదు. ఆయనకు కోదాడలో ఎరువుల దుకాణం ఉంది. రోడ్డు వైపు ఉన్న ముందు గది ఖాళీగా పడి ఉండేది. కౌసల్యను కాలేజీలో చేర్చిన రోజున ఒకే మాట చెప్పాడు.

“కోర్సు అయ్యేలోపల బయటోడు నీకు పని ఇయ్యాలె బిడ్డా. మన సుట్టాలు గాదు, బయటోడు. అట్ల ఒక్క ఆర్డర్ తెచ్చి సూపించు, ముందు గది నీదే. లేకుంటె మీ బావ అడుగుతుండు, మోటార్ల ఏజెన్సీ పెట్టుకుంటడట.”

కౌసల్య నవ్వింది. ఒక్క ఆర్డర్ ఎంత పని అనుకుంది. అప్పటికింకా నీల తరగతిలోకి రాలేదు.

నీల చివ్వెంల దగ్గరి తండా నుంచి బస్సులో వచ్చేది. ఆమె ఇంటర్ చదువుతుండగా తండ్రి చనిపోయాడు. తల్లి శాంతాబాయి కూలికి పోయి, కూతుర్ని హాస్టళ్లలో ఉంచి డిగ్రీ దాకా తెచ్చింది. తరగతిలో ఆడపిల్లలు వాళ్లిద్దరే కాబట్టి ఒకే బల్ల. మొదటి నెలంతా నీల కౌసల్యను ‘మీరు’ అనే పిలిచింది. ఒక్క బల్ల మీద కూర్చొని ఈ మీరేమిటి, నువ్వు అను అని కౌసల్యే పట్టుబట్టింది. పట్టుబట్టి మాన్పించిన ఆ ‘మీరు’ కోసం తర్వాత రెండేళ్లూ లోలోపల ఎదురుచూసింది. నీల ‘నువ్వు’ అన్నప్పుడల్లా ఆమెకు చురుక్కుమనేది.

మొదటి దెబ్బ పొట్లాల పనితో తగిలింది. డిజైన్ పాఠాలు చెప్పే జగదీశ్ సారు, సంతలో అమ్మే ఏదైనా వస్తువుకు కొత్త పొట్లం తయారుచేసి తెమ్మన్నాడు. కౌసల్య నువ్వుల లడ్డూలకు తామరపువ్వు ఆకారంలో అట్టపెట్టె చేసింది. రేకులు విచ్చుకుంటే లోపల లడ్డూలు కనబడతాయి. నీల కుంకుమకు ఒక మామూలు కాగితం మడత తెచ్చింది. ఒక్క బొటనవేలితో తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది, గింజంత కుంకుమ కింద పడదు. సారు ఆ మడతను చేతిలో పట్టుకొని తరగతంతా తిరిగాడు. తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. తామరపువ్వు దగ్గరికొచ్చి, “నీట్‌గా ఉందమ్మా” అని ముందుకు నడిచాడు.

నీట్‌గా ఉంది. ఆ మాట కౌసల్య కడుపులోకి దిగి అక్కడే కూర్చుంది. ఆ తర్వాత ఆమె సారు మాటలనే కాదు, చూపులను కూడా గమనించడం మొదలుపెట్టింది. నీల కాగితం మీదికి వంగినప్పుడు ఆయన కళ్లజోడు సవరించుకుంటాడు. తన కాగితం చూసేటప్పుడు సవరించుకోడు. నీలను ప్రశ్నలు అడుగుతాడు. తనకు మార్కులు వేస్తాడు. తండా వాళ్లకు అన్నీ ఊరికే వస్తయి అని ఆండాళు అత్త అనేది. అలా అనుకోగలిగితే కౌసల్యకు సుఖంగానే ఉండేది. కానీ ఆ కుంకుమ పొట్లం తన కళ్లతోనే చూసింది. ఇంటికొచ్చి తలుపేసుకొని అలాంటిదే మడవబోతే రాలేదు.

నీల దగ్గర రంగులు ఉండేవి కావు. కౌసల్య తన రంగుల డబ్బాను తనే బల్ల మధ్యకు జరిపింది. మంచితనంతోనే జరిపింది, అందులో అబద్ధం లేదు. కానీ తన ఎరుపు, తన నీలం నీల చేతిలో పడి ఇంకేదోలా వెలిగేవి. ఒకే సీసాలోని రంగు. కౌసల్య వేస్తే గోడ మీద సున్నంలా పరుచుకుంటుంది, నీల వేస్తే కదులుతుంది. ఒక నెల చూసి ఎరుపు సీసాను ఇంట్లో దాచిపెట్టింది. అయిపోయిందని చెప్పింది. నీల మర్నాడు ఇటుకరాయి అరగదీసి, జిగురు కలిపి తెచ్చుకుంది. ఆ ఎరుపు చూసి సారు కళ్లజోడు తీసి తుడుచుకొని మరీ పెట్టుకున్నాడు.

ఆ రాత్రి కౌసల్యకు అన్నం సయించలేదు. ఏమైందని ఆండాళు అడిగితే పుల్లకూర అరగలేదంది.

1995 మొదట్లో, కోర్సు ముగియవస్తుండగా అసలు పరీక్ష వచ్చింది. మిర్యాలగూడలో భాస్కర్ అనే రైసుమిల్లు యజమాని కొత్తగా సన్నబియ్యం గుడ్డ సంచుల్లో నింపి అమ్మబోతున్నాడు. ఆ బస్తాకు కొత్త గుర్తు కావాలన్నాడు. పిల్లలు చేసిన వాటిలో తనకు నచ్చిన దానికి ఏడాది పని ఇస్తానని సారుకు మాటిచ్చాడు. కౌసల్యకు తండ్రి చెప్పిన బయటోడు దొరికాడు. కోదాడ గది కళ్ల ముందుకొచ్చింది. దాని తలుపు మీద చెయ్యి వేస్తే, ఆ చేతికన్నా ముందు ఇంకో చెయ్యి అక్కడున్నట్టు అనిపించింది.

ఆ రోజుల్లోనే నీల ఆమెను తండాకు రమ్మంది. రంగులిచ్చిన పిల్లను మా అమ్మ చూడాలంటోంది అని చెప్పింది. వద్దనడానికి నోరు రాక కౌసల్య వెళ్లింది. తండాలో ఆడవాళ్లు చుట్టూ చేరారు. చెంపల పక్కన జుట్టుకు వేలాడే వెండి కుచ్చులు, మోచేతుల పైన వెడల్పాటి తెల్లగాజులు, ఎద నిండా అద్దాలు. కౌసల్యకు కళ్లు చెదిరాయి గానీ ఏ ముఖమూ ముఖంగా కనబడలేదు. అప్పుడు గుడిసెలోంచి శాంతాబాయి చాటతో బియ్యం తెచ్చుకొని అరుగు మీద కూర్చుంది. చెంపల పక్కన ఏమీ లేదు. చేతులు బోసిగా ఉన్నాయి. ఎండ నేరుగా వచ్చి దవడ ఎముక మీద పడింది. బియ్యం చెరుగుతూ తల కాస్త పక్కకు వాల్చి, తాలు ఎగిరిపోతుంటే కళ్లు సగం మూసుకుంది.

వాళ్లిచ్చిన చాయ్ తాగడం కూడా కౌసల్య మరిచిపోయింది. ఇంటికొచ్చి మూడురోజులు ఆ ముఖాన్నే గీసింది. జీవితంలో మొదటిసారి గీత తను పెట్టమన్న చోట కాక, అది ఉండాల్సిన చోట పడింది. బస్తా గుడ్డ మీద చాట, తెల్లటి బియ్యం, వాటి పైన ఆ ముఖం. లంగాకు, రవికెకు తండాలో చూసిన రంగులన్నీ వేసింది. శుభంగా ఉండాలని నుదుట పెద్ద బొట్టు పెట్టింది, ముంజేతులకు నిండుగా గాజులు వేసింది. చెంపలను, చేతుల పైభాగాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఆ బోసిదనంలోనే బొమ్మ ప్రాణం ఉందని ఆమెకు తెలుసు.

కాలేజీలో చూపించగానే జగదీశ్ సారు కళ్లజోడు సవరించుకున్నాడు.

నీల చాలాసేపు చూసింది. ముఖంలో ఏదో వచ్చి పోయింది. తర్వాత మెల్లగా అంది. “చెంపలకు ఘుగ్రీలు వెయ్యి కౌసల్యా. చేతులకు బలియాలు పెట్టు. ఇట్ల ఉంచకు.”

“ఎందుకు?”

“మా దిక్కు ఇట్ల...” అని నీల ఆగింది. తరగతిలో మగపిల్లలు వింటున్నారు.

ఆమె ఆగినంతసేపటిలో కౌసల్యకు ఒక సంగతి తోచింది, తోచగానే ఒళ్లంతా చల్లబడింది. నీలకు కుళ్లు. రెండేళ్లుగా తను మోస్తున్నది ఇప్పుడు నీల నెత్తికెక్కింది. బాగున్న బొమ్మను వెండి కుచ్చులతో కప్పేయమంటోంది. ఎంత సంతోషమేసిందంటే, ఇంకొక్క మాట విననివ్వలేదు.

“నీ బస్తా నువ్వు సూసుకో నీలా. నా బొమ్మ నేను సూసుకుంట.”

నీల తన బస్తా తీసి కుట్టుకోవడం మొదలుపెట్టింది. దాని మీద బొమ్మే లేదు. మూతి అంచున, అడుగున ఎరుపు, నీలం దారాలతో తండా కుట్టు వేసింది, అంతే. బస్తాలను ఎటు తిప్పి పేర్చినా ఏదో ఒక కొస బయటికి ఉంటుంది, ఆ కుట్టు కనబడుతుంది అని సారుకు చెప్పింది. కౌసల్యకు నవ్వొచ్చింది. బియ్యం బస్తాకు కుట్టు ఎవరు చూస్తారు?

భాస్కర్ అన్నింట్లోంచి ఆ రెండే ఏరి, వాటిని తెచ్చినవాళ్లను మిల్లుకు రమ్మన్నాడు. సారు, ఇద్దరమ్మాయిలు బస్సెక్కి మిర్యాలగూడ వెళ్లారు. మిల్లు వాకిట్లో భాస్కర్ కౌసల్య బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. “లక్ష్మీకళ ఉందండీ మొహంలో” అన్నాడు. నీల బస్తాను చూసి, బొమ్మేదమ్మా అన్నాడు. కౌసల్య కళ్లు దించుకుంది. సంతోషం బయటికి కనబడకూడదని.

ఆ మిల్లులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త గుర్తుతో నింపిన మొదటి బస్తాకు పసుపు, కుంకుమ పెడతారు. బస్తాలు మోసేవాళ్ల మేస్త్రి దాన్ని ఎత్తి లారీలో వేస్తేనే మిగతావి కదులుతాయి. ఆ మేస్త్రి పేరు గేమ్యా. దగ్గర్లోని తండా మనిషి. కౌసల్య బస్తాలో బియ్యం నింపి, మూతి కట్టి, బొట్టు పెట్టి అతన్ని పిలిచారు. గేమ్యా తువ్వాల తలకు చుట్టుకుంటూ వచ్చాడు, వంగాడు, ఆగాడు. నిటారుగా లేచి తువ్వాల విప్పాడు.

“ఏమైంది గేమ్యా, ఎత్తు” అన్నాడు భాస్కర్.

“సేటూ, గీ బియ్యం పెండ్లిండ్లకు పోతయా?”

“పెళ్లిళ్లకే కదయ్యా, సన్నబియ్యం.”

“మరి గీమెకు మొగడు లేడు గద.”

భాస్కర్ బొమ్మ వైపు చూశాడు. “బొట్టుంది కదా, గాజులున్నాయి.”

“బొట్టు మీకు సేటూ. మాకు గీడ సూడాలె.” గేమ్యా తన చెంప చూపించాడు. మోచెయ్యి పైన చూపించాడు. “గీడ ఘుగ్రీలు లెవ్వు. గీడ బలియాలు లెవ్వు. మొగడు పోయిన్నాడు తీసేస్తరు. నేనైతే ముట్ట. నా ఎనక ఉన్నోళ్లు గూడ ముట్టరు.”

కౌసల్యకు అప్పుడు అర్థమైంది. చెంపలకు ఘుగ్రీలు వెయ్యి, చేతులకు బలియాలు పెట్టు. నీల చెప్పింది. చెప్పబోయింది. కుళ్లని తనే నోరు మూయించింది.

జగదీశ్ సారు తేరుకొని, ఇందులో పెద్ద ఇబ్బందేమీ లేదు, రెండు చోట్ల రంగు పడితే సరిపోతుంది అన్నాడు. భాస్కర్ సరేనన్నాడు. కౌసల్య సంచిలోంచి కుంచె తీసింది గానీ చెయ్యి కదల్లేదు. ఆ వెండి కుచ్చులు ఎలా మొదలై ఎక్కడ ముగుస్తాయో ఆమెకు గుర్తు లేదు. చూసిన రోజున వాటిని చూడదలుచుకోలేదు. అన్నీ దిగమింగి పక్కకు తిరిగింది.

“నీలా, జర నువ్వు గియ్యవా.”

నీల కుంచె అందుకుంది. బస్తా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఇప్పుడు ఆమె రెండు గీతలు గీస్తే ఆర్డర్ కౌసల్యది, గీయకపోతే తనది. అందరికీ అది తెలుసు. కుంచె చెంప దాకా వెళ్లి ఆగింది.

“ఇది మా అమ్మ, కౌసల్యా” అంది నీల, తల తిప్పకుండా. “నాయిన పోయిన్నాడు ముసలోళ్లు ఒక్కొక్కటి తీస్తుంటె నేను పక్కనే కూసున్న. మళ్ల నా చేతులతోని పెట్టలేను. గియ్యొద్దని గాదు. నాతోని కాదు.”

భాస్కర్ విసుక్కున్నాడు. ఈ ముఖం తుడిచేసి ఇంకో ముఖం వెయ్యమ్మా, నాలుగు రోజులు ఆగుతాను అన్నాడు. అది న్యాయమైన మాటే. కోదాడ గది ఇంకా చేజారలేదు. కానీ కౌసల్య ఆ ముఖాన్ని చూసింది. తన చేతిలోంచి వచ్చిన వాటిలో నీట్‌గా కానిది అదొక్కటే. దాని మీద ఇంకొకరి ముఖం పులమడమా? నీల తల్లి కాబట్టి జాలిపడిందని సారు అనుకున్నాడు. కౌసల్యకు తెలుసు, అది జాలి కాదు. ఆ ముఖం తనది.

“ఈ బొమ్మ ఇయ్యను సార్” అంది.

తర్వాత నీల బస్తా నింపారు. గేమ్యా దాన్ని ఎత్తి, కుట్టు మీద బొటనవేలితో ఒకసారి రాసి చూసి, నవ్వుకుంటూ లారీలో వేశాడు. వెనకున్నవాళ్లు కదిలారు. భాస్కర్ ఆర్డర్ నీలకిచ్చాడు. మరి మిల్లు పేరు ఎవరు రాస్తారమ్మా, నీ అక్షరాలు వంకరగా ఉన్నాయే అని అడిగాడు.

“పేరు కౌసల్య రాస్తది సార్. నీట్‌గ రాస్తది.”

నీల ఎగతాళి కోసం అనలేదు. ఆమె గొంతులో అలాంటిదేమీ లేదు, అదే కౌసల్యకు ఎక్కువ మండింది. అయినా తల ఊపింది. తిరుగు ప్రయాణంలో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. సూర్యాపేట దగ్గర పడుతుండగా నీల, ఆ గుడ్డ మీది బొమ్మ మా అమ్మకు ఇస్తావా అని అడిగింది. ఇక దాన్ని ఏం చేసుకోను అన్నట్టుగా కౌసల్య సంచిలోంచి తీసి ఆమె ఒళ్లో పడేసింది.

బయటోడు పని ఇచ్చాడా లేదా అన్నదే వెంకటేశ్వర్లు లెక్క. ఇచ్చాడు. అది పేరు రాసే పనే అయినా ముందు గది కౌసల్యదైంది. కోదాడలో ఆమె దుకాణం బాగానే నడిచింది. పెళ్లిపత్రికలు, విత్తనాల ప్యాకెట్లు, బట్టల షాపుల సంచులు. కృష్ణా జిల్లా నుంచి కూడా వచ్చేవారు. “మీ అక్షరం చాలా నీట్‌గా ఉంటుందండీ” అనేవారు. ఆమె నవ్వి అడ్వాన్సు తీసుకునేది. ముఖాలు గీయమని ఎవరైనా అడిగితే, మేం అక్షరాలే చేస్తాం అని చెప్పి పంపేది.

దుకాణం ముందు రోడ్డు మీద విజయవాడ వైపు లారీలు పోయేవి. వాటిలో భాస్కర్ మిల్లు బస్తాలు ఉండేవి. ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు ఆమె రాసిన పేరు లోపల నలిగిపోయేది. బయటికి కనబడేది వరుసలు వరుసలుగా ఎరుపు, నీలం కుట్టు. దూరం నుంచే అది ఏ మిల్లు బియ్యమో రోడ్డు మీది మనుషులు చెప్పేవారు. లారీ మలుపు తిరిగేదాకా కౌసల్య గడపలో నిలబడి చూసేది. నీల తండాలో పదిమంది ఆడవాళ్లతో కుట్టు పని పెట్టిందని, సంచులు హైదరాబాదుకు పోతున్నాయని పేపర్లో పడింది. ఆ పేపరును కౌసల్య రెండుసార్లు చదివి అలమారాలో పరిచి, దాని మీద రంగు సీసాలు పెట్టింది.

1999లో ఆమెకు ఆ బొమ్మ మీద మనసు పడింది. దుకాణంలో పెట్టాలి. తనకు అక్షరాలే కాదు, ముఖం కూడా వచ్చని చూపించాలి. అది తనది, అడిగి తెచ్చుకుంటే తప్పేముంది? కోదాడ నుంచి సూర్యాపేట, అక్కడి నుంచి చివ్వెంల, అక్కడి నుంచి ఆటో. దారి పొడుగునా ఎలా అడగాలో అనుకుంటూనే ఉంది.

నీల ఎదురొచ్చి చేతిలో సంచి అందుకుంది. లోపల గోడకు ఆ గుడ్డ వేలాడుతోంది. శాంతాబాయి దాని చుట్టూ అద్దాలు పెట్టి అంచు కుట్టింది. జానెడు వెడల్పు, కళ్లు తిప్పుకోనివ్వని అంచు. కౌసల్య ఇక్కడా ఇదేనా అనుకుంది. ఉన్న ఒక్కదాన్ని కూడా వీళ్ల కుట్టు మింగేసిందా?

కన్నార్పకుండా నిలబడి చూసింది. బయటికెళ్లి నీళ్లు తాగి, కొత్తగా వచ్చినట్టు మళ్లీ లోపలికొచ్చి చూసింది. ముఖమే ముందు కనబడింది. వాలిన తల, సగం మూసిన కళ్లు. అంచు ఆ తర్వాతే.

“గిది సూసి అందరు నీ లెక్కనె నిలబడిపోతరు” అంది నీల, ఆమె వెనక నిలబడి. “అమ్మ ఆర్నెల్లు కుట్టింది. నేను గూడ కొన్ని అద్దాలు పెట్టిన. వచ్చినోళ్లు ఎవ్వలన్న అంచు సూస్తరా? గా మొఖం ఎవ్వలు గీసిన్రని నీ పేరే అడుగుతరు. నాకు ఎంత కుళ్లుగ ఉంటదో నీకేం తెల్సు.”

నవ్వుతూనే అంది. కానీ చివరి మాట దగ్గర నవ్వు కొంచెం పల్చబడింది. కౌసల్య దాన్ని పట్టుకుంది. అలాంటిది పట్టుకోవడంలో ఆమెకు ఏళ్ల అనుభవం ఉంది.

శాంతాబాయి చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. “తీస్కపోతవా బిడ్డా? నువ్వు గీసిందే గద” అని గుడ్డను మేకు మీంచి తీయబోయింది.

“వద్దమ్మా” అంది కౌసల్య. “గాడనే ఉండనీ.”

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సూర్యాపేట దాటాక, తను వెళ్లిన పని చేయకుండానే వస్తున్నానని గుర్తొచ్చింది. బాధ అనిపించలేదు. ఆ బొమ్మ కోదాడలో ఉంటే పెళ్లిపత్రికల కోసం వచ్చినవాళ్లు చూస్తారు. అక్కడుంటే రోజూ పొద్దున లేవగానే నీల చూస్తుంది. అక్కడే ఉండటం మంచిది.

మిర్యాలగూడ లారీ ఒకటి బస్సును దాటుకొని ముందుకెళ్లింది. ఎరుపు, నీలం కుట్లు ఎండలో మెరిశాయి. కౌసల్య వాటిని చూసింది. ఎప్పటిలాగే మండింది. కానీ ఆ పూట ఆ మంటకు తోడుగా, నీల నవ్వు పల్చబడిన తీరు కూడా గుర్తుంది.

కోదాడలో దిగి దుకాణం తెరిచేసరికి ఒకాయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. తన హోటలు బోర్డు మీద వాళ్లమ్మ ముఖం వేయించాలట, మీరు ముఖాలు వేయరని విన్నాను, నిజమేనా అని అడిగాడు.

“ఫొటో తెచ్చారా?” అంది కౌసల్య.